లాగేకొద్దీ బిగిసే ముడి

పొద్దుటి ప్యాసింజరులో ఎవడైనా కిటికీలోంచి చెయ్యి బయట పెడితే, మూడు పెట్టెల అవతల ఉన్నా కనిపెట్టి "చెయ్యి లోపలికి తియ్యప్పా!" అని అరవగల మనిషి దేవరాజులు. తిరుత్తణిలో ఆ రైలెక్కే వాళ్లు అతని గురించి తలా ఒక కథ చెబుతారు. వాళ్లింట్లో పిల్లిక్కూడా ఇనుప టోపీ ఉందని ఒకడంటాడు. పెళ్లినాడు హోమగుండం పక్కన రెండు ఇసుక బకెట్లు పెట్టిస్తే గానీ ఏడడుగులు వెయ్యలేదని ఇంకొకడంటాడు. పిల్లి సంగతి అబద్ధం. బకెట్ల సంగతి మాత్రం, ఆ పెళ్లి చేయించిన అయ్యవారే ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

తిరువళ్ళూరు దాటాక రైలుకట్ట పక్కనున్న ఫౌండ్రీలో అతను సేఫ్టీ ఆఫీసరు. రైలు వ్యాగన్లకు బ్రేకు దిమ్మెలు పోతపోసే చోటది. లోపలికి అడుగు పెట్టగానే అందరూ ఎదుటి మనిషి మొహం చూస్తే, దేవరాజులు పాదాలు చూస్తాడు. మొహాలు ఏడాదికోసారి గుర్తుపడతాడేమో గానీ, పాదాన్ని బట్టి మనిషి పేరు చెప్పేస్తాడు.

తమిళుల ఆషాఢమైన ఆడి నెల వచ్చిన మంగళవారంనాడు అతనికి పోతల గదిలో ఇరవై రెండు పాదాలు కనిపించాయి. ఒక్కదానికీ బూటు లేదు.

పదకొండు మంది పోతగాళ్లూ నడుముకు పసుపు గుడ్డ చుట్టుకుని, నుదుట విభూతి పెట్టుకుని, ఇసుక అచ్చుల మధ్య కొంగల్లా నిలబడి ఉన్నారు. వెనక కొలిమి బుసకొడుతోంది.

"బూట్లేవి మామా?" అన్నాడు దేవరాజులు.

అడిగింది వెంకటమునిని. పోతగాళ్లలో పెద్దవాడు. ముప్పై ఏళ్లుగా కరిగిన ఇనుము మోసిన మనిషి. కనుబొమలు ఎప్పుడో కాలిపోయి మళ్లీ మొలవలేదు. అందుకని అతను నవ్వుతున్నాడో కోపంగా ఉన్నాడో ఎవరికీ తెలిసేది కాదు.

"పెట్టెల్లో నిదరపోతా ఉండాయి సారూ. ఆడి కృత్తికకి తిరుత్తణి కొండకి కావడి ఎత్తుతా ఉండాము. అందాకా కాలికి తోలు తగలకూడదు."

"పదకొండు మందీనా?"

"స్వామి పిలిచేటప్పుడు ఒక్కొక్కణ్ణే పిలస్తాడా ఏంది?"

"పోయినేడు ఇద్దరే కదా ఎత్తింది?"

"పోయినేడు మాకు ఇంత భక్తి లేదు సారూ," అన్నాడు వెంకటముని. వెనక ఎవడో కిసుక్కున నవ్వి, దగ్గులోకి మార్చుకున్నాడు.

దేవరాజులు చెయ్యి జేబులోకి పోయింది. జేబులో ఎప్పుడూ జానెడు నూలుదారం ఉంటుంది. మనసు నిలవనప్పుడల్లా వేళ్లు ఆ దారానికి ముడి వేస్తాయి. పుట్టింది మగ్గమున్న ఇంట్లో. నాలుగేళ్ల వయసులో తెగిన పోగు అతకడం నేర్చినవాడు. ఆ వేళ్లకు పని లేకపోతే తోచదు.

గంట కొట్టారు. వెంకటముని ఒక కొన, ఇంకొకడు ఒక కొన పట్టుకుని, పల్లకీ మోసినట్టు పెద్ద గరిటె భుజాల ఎత్తుకు లేపారు. అందులో ఇనుము పొద్దుటి సూర్యుడిలా తళతళలాడుతోంది. వట్టి పాదాలు ఇసుక మీద మెత్తగా పడుతున్నాయి. గరిటె వంచారు. సన్నని ధార అచ్చులోకి దిగింది. ఒక్క చుక్క ఎగిరి వెంకటముని బొటనవేలికి బెత్తెడు దూరంలో పడి, నల్లబడి, చల్లారింది. అతను పాదం ఇంత కూడా కదపలేదు. దేవరాజులు మాత్రం అడుగు వెనక్కి దూకాడు. తన కాలికి బూటు ఉండి కూడా.

ఆ బూట్ల కోసం అతను రెండేళ్లు ఉత్తరాలు రాశాడు. నలభై జతలు మద్రాసు నుంచి వచ్చిన రోజున దేవుడికి కొబ్బరికాయ కొట్టాడు. చీలమండ పైదాకా తోలు, ముక్కుకు ఉక్కు రేకు, ఎనిమిదేసి కన్నాల్లోంచి అల్లిన నూలు తాడు. ఒకే ఒక్క చిక్కు. నడుస్తుంటే తాడు ఊడిపోయేది. తాడు తొక్కుకుని ఒకడు గరిటెతో సహా పడబోయాడు కూడా. దాంతో దేవరాజులు బల్ల మీద నిలబడి, భోజనాల వేళంతా అందరికీ ఒక ముడి నేర్పాడు. "ఇది మా ఇంటి ముడి. లాగేకొద్దీ బిగుస్తాది గానీ జారేది లేదు," అని. ఆ తర్వాత ఒక్క తాడూ ఊడలేదు. పని అయ్యాక ముడిని కత్తెరతో కోసేసి, పొద్దున మళ్లీ కట్టుకునేవాళ్లు.

నాలుగో వారంలో, పోతగాళ్లలో పన్నెండోవాడు పళని కాలు కాలింది.

"ఏం దేవరాజులూ, ఇంకా సంతకం కాలేదా?"

ఆ మంగళవారం మధ్యాహ్నం మేనేజరు రత్నస్వామి గదిలో ఫ్యాను తిరుగుతుంటే బల్ల మీది కాగితం రెక్కలు కొట్టుకుంటోంది. దాని మీద గాజు గోళీ పెట్టి ఇటు జరిపాడు. టైపు కొట్టిన ప్రమాద నివేదిక. కార్మికుడు పళని బూటు తాడు సరిగా కట్టుకోనందువల్ల కరిగిన ఇనుము లోపలికి దిగి కాలు కాలినది. కారణం, కార్మికుని నిర్లక్ష్యం.

"ఆ పొద్దు నేను లేను సార్. మద్రాసులో మీటింగుకు పోయినా."

"నువ్వు లేకపోతే ఏం? నేర్పింది నువ్వే కదా. నువ్వు చెప్పినట్టు కట్టుంటే లోపలికి ఎట్ల పోతుంది నిప్పు?"

ఆ మాట దేవరాజులుకి నచ్చింది. నచ్చినందుకు ఒళ్లు జిలపుట్టింది.

"శుక్రవారం ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఈ కాగితం అతని చేతిలో పెడితే పళనిని పనిలోంచి తీసేస్తాం. ఒక్కణ్ణి తీస్తే మిగతా పదకొండు మందీ బూట్లు తొడుగుతారు. నువ్వు అడిగేదీ అదే కదా?"

అడిగేది అదే. రెండేళ్లుగా అడుగుతున్నదీ అదే. దేవరాజులు పెన్ను మూత తీశాడు. పెట్టాడు. మళ్లీ తీశాడు.

"ఆ బూటు ఒకసారి చూసి చేస్తా సార్."

"కాలిన బూటులో చూసేదానికి ఏముంది?"

ఏముందో అతనికీ తెలియదు. స్టోరుకు వెళ్లి బీరువా వెతికితే పళని ఎడమకాలి బూటు ఒక్కటే దొరికింది. కుడిది లేదు. సాయంకాలం రైల్లో సీటు దొరికినా కూర్చోలేదు. తలుపు దగ్గర నిలబడి దారానికి ముడులు వేస్తూనే పోయాడు. తిరుత్తణి వచ్చేసరికి దారం మొత్తం ముడులే మిగిలాయి.

బుధవారం తిరువాలంగాడులో రైలు దిగి, రెండు మైళ్లు వేరుశనగ చేల గట్ల మీద నడిచాడు. పళని ఇల్లు ఊరికి ఈ చివర్నే. వాకిట్లో పళని పెళ్లాం వనజాక్షి గొడ్లకు కుడితి కలుపుతోంది. అతణ్ణి చూసి కూడా కలపడం ఆపలేదు.

"రండి సారూ. కాలు చూసేదానికి వచ్చినారా, ఏలిముద్ర వేయించుకునేదానికి వచ్చినారా?"

"కాలు చూసేదానికే అమ్మా."

"చూడండి. చూసేదానికైతే ఏం తక్కువ లేదు."

పళని నులకమంచం మీద లేచి కూర్చోబోయాడు. ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి. కాలి కింద అరటాకు పరిచి ఉంది. పైన గుడ్డ తగలకుండా రెండు వెదురు బద్దలు వంచి గూడులా కట్టారు. దేవరాజులు వంగి చూశాడు. అరికాలు పసిపిల్లవాడి కాలిలా బాగుంది. మడమ బాగుంది. కాలిందంతా పాదం పైభాగం. బూటు నాలుక ఎంత మేర ఉంటుందో సరిగ్గా అంత మేర. దానికి అటు నాలుగు, ఇటు నాలుగు నల్లటి చుక్కలు.

ఎనిమిది కన్నాలు.

"అచ్చులో తడి ఉన్నట్టుండాది సారూ. పోస్తా ఉంటే ఉమ్మింది," అన్నాడు పళని, తప్పు తనదైనట్టు గొంతు తగ్గించి. "దోసెడు వచ్చి కాలి మీద పడింది. తాళ్ల సందులోంచి లోపలికి దిగె. వట్టి కాలైతే విదిలిచ్చి పారేసేవాణ్ణి. లోపల పడింది యాడికి పోతుంది?"

"తాడు వదులుగా కట్టినావా పళనీ?"

వనజాక్షి కుడితి కర్ర కింద పడేసింది. కొట్టంలోకి పోయి, చూరులో దోపిన బూటు తీసుకొచ్చి అతని ముందు పెట్టింది. పక్కనుంచి పొడుగునా కోసేసిన బూటు. తోలు ముడుచుకుపోయి ఎండు చేపలా ఉంది. కానీ పైన, చీలమండ దగ్గర, ముడి మాత్రం చెక్కు చెదరలేదు. పెళ్లికూతురు మెళ్లో వేసిన ముడిలా పొందిగ్గా ఉంది.

"మీరు చెప్పినట్టే కట్టినా సారూ," అన్నాడు పళని. "కింద పడి విప్పుదామని లాగినా. బిగిసె. ఇంకా లాగినా. ఇంకా బిగిసె. వెంకటముని మామ వచ్చి ఆయనా లాగె. కడాకు హాక్సా బ్లేడు ముక్క తెచ్చి కోసె."

దేవరాజులు ముడి మీద వేలు పెట్టాడు. అమ్మ నేర్పిన ముడి. అతని ముడి.

"కట్టేది బాగానే నేర్పినారు సారూ," అన్నాడు పళని. అందులో ఎగతాళి లేదు. అదే కష్టం. "విప్పేది మీరు నేర్పలేదు. నాకూ అడగాలని తోచలేదు."

వనజాక్షి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. దేవరాజులు చెంబు పుచ్చుకున్నాడు గానీ తాగే సంగతి మరిచిపోయాడు. పోయేటప్పుడు బూటు అడిగితే ఆమె వెంటనే ఇవ్వలేదు.

"ఇది మీ మేనేజరు కంట పడితే బూడిదైపోతాది. అందుకే దాచినాను. మీకిస్తే యాడికి పోతాది?"

"నా సంచిలోనే ఉంటాది అమ్మా."

ఆమె అతని మొహం వైపు కాదు, చేతుల వైపు చూసి ఇచ్చింది. ఆ చేతులు జేబులోని దారాన్ని వెతుక్కుంటున్నాయి.

మరునాడు పొద్దున్నే, రైలు వేళకు ముందు, దేవరాజులు తన తల్లి తులసమ్మ మగ్గం గుంటలో కాళ్లు దించుకుని నేస్తుంటే పక్కన చతికిలబడ్డాడు. నాడె అటూ ఇటూ పరుగెడుతోంది. ఒక పోగు తెగింది. ఆమె చూపు అయినా తిప్పకుండా రెండు కొసలూ పట్టుకుని, వేలి మీద మెలిపెట్టి, లాగి, మిగిలిన కొస పంటితో తెంపేసింది. రెప్పపాటు పని.

"అమ్మా, ఆ ముడి విప్పేది ఎట్ల?"

నాడె ఆగింది. "విప్పేదేందిరా? పోగు ముడి ఎవురైనా విప్పుతారా? అది గుడ్డతో పుట్టి గుడ్డతోనే చినిగిపోతాది."

"ఒకవేళ విప్పాల్సొస్తే?"

"విప్పాల్సి వచ్చే తావున ఆ ముడి వేసినోడు ఎవుడురా, వాడికి బుద్ధి లేదా?" అని నవ్వి, కొడుకు మొహం చూసి నవ్వు మానేసింది. కాలితో తొక్కుడుకర్ర తొక్కింది, నేత మళ్లీ సాగింది.

గురువారం భోజనాల వేళ దేవరాజులు క్యాంటీనుకు పోలేదు. పోతల గదిలో ఇసుక కుప్ప మీద వెంకటముని ఒక్కడే కూర్చుని సంగటి ముద్ద మింగుతున్నాడు. వ్రతంలో ఉన్నాడు కాబట్టి ఒంటిపూట తిండి. దేవరాజులు వచ్చి పక్కన కూర్చుని, సంచిలోంచి బూటు తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు.

వెంకటముని చూశాడు. ముద్ద మింగాడు. చెయ్యి నాకాడు.

"దొరికెనా?"

"కోసింది నువ్వేనంట."

"ఇంకెవురు కోస్తారు? నా గరిటె రెండో కొన వాడిది."

"మరి నన్ను ఎవురూ అడగలేదేం మామా? ఈ ముడి వొద్దని ఒక్కరన్నా చెప్పలేదేం?"

వెంకటముని చెంబెత్తి నీళ్లు తాగి, మిగిలినవి ఇసుక మీద కాకుండా జాగ్రత్తగా గోడ అవతలికి పారబోశాడు. తడి ఇసుక ఏం చేస్తుందో తెలిసినవాడు.

"మేనేజరుతో బూటు వొద్దంటే మెమో ఇస్తాడు. నీతో వొద్దంటే పాఠం చెప్తావు. స్వామి పేరు చెప్తే ఇద్దరూ నోరు మూస్తారు. పళని పడిన మరసటి పొద్దే అందరం పసుపు గుడ్డ కట్టినాము."

"అంటే కావడి అబద్ధమా?"

"ఛీ, కళ్లు పోతాయి! కావడి ఎత్తేది నిజమే. ఏమని మొక్కినామనుకున్న్యావు? వాడి కాలు బాగవాలని." చెంబు బోర్లించి మళ్లీ అన్నాడు. "నీతో చెప్పకూడదని కాదు సారూ. ఆ ముడి నేర్పేటప్పుడు బల్ల మీద నీ మొగం చూసినా. నా కొడుకు మొదటిసారి పొలంలో మడక పట్టినప్పుడు అట్లనే ఉండె. ఎట్ల చెప్పేది?"

దేవరాజులు లేచి గదంతా ఒక చుట్టు తిరిగి వచ్చాడు. కూర్చోబోయి మళ్లీ లేచాడు.

"కూచో సారూ. నువ్వు తిరిగితే అన్నం అరగాల్సింది నీకా, నాకా?"

ఆ మధ్యాహ్నం అతను టైపు మిషను దగ్గరికి పోలేదు. తెల్లకాగితం మీద చేత్తో రాశాడు. మొదటి వాక్యం పదిసార్లు రాసి పదిసార్లు చింపాడు. పదకొండోసారికి అది కుదిరింది. చిన్న వాక్యమే.

శుక్రవారం ఇన్‌స్పెక్టరు అరుణాచలం పదకొండు గంటలకు వచ్చాడు. సన్నగా, తెల్లచొక్కాతో, మాట కంటే ముందు కళ్లజోడు సవరించుకునే మనిషి. రత్నస్వామి అతనికి కాఫీ తెప్పించి, టైపు కొట్టిన కాగితం గోళీ కింద సిద్ధంగా ఉంచి, దేవరాజులును పిలిపించాడు.

దేవరాజులు లోపలికి వస్తూనే తన కాగితం దాని పక్కన పెట్టాడు.

రత్నస్వామి తల వంచి చదివాడు. మెడ ఎర్రబడింది. "ఇది ఏమిటి?"

"నివేదిక సార్. సంతకం చేసినా."

"నేను చెప్పిన దాని మీద కదా చెయ్యాల్సింది!"

ఇన్‌స్పెక్టరు కళ్లజోడు సవరించుకున్నాడు. "ఏమిటి తేడా?"

"చెప్పేదానికన్నా చూపిస్తే బాగుంటాది సార్," అన్నాడు దేవరాజులు. కుర్చీ లాక్కుని కుడికాలు ముందుకు చాపాడు. ఫౌండ్రీ బూటు, ఎనిమిది కన్నాలు, పైన ముడి. "మీ గడియారం చూడండి సార్. ఇప్పుడు నా బూటులో దోసెడు నిప్పు పడింది. విప్పుతా ఉండాను."

వంగి ముడి పట్టుకున్నాడు. నటించలేదు. గోళ్లు లోపలికి దూర్చి నిజంగానే ప్రయత్నించాడు. దారం పని అంటే ఊపిరి పీల్చినంత సులువైన వేళ్లు అవి. ముడి కదల్లేదు.

"ఏం నాటకమయ్యా ఇది!" అంటూ రత్నస్వామి బల్ల చుట్టూ వచ్చాడు. "ఒక ముడి విప్పడం చేతకాదా? తప్పుకో." ఫ్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని కింద కూర్చుని ఒక కొస గట్టిగా లాగాడు. ముడి ఇంకా చిన్నదయింది. ఇంకో కొస లాగాడు. ఉంగరం వేలు తోలుకు గీసుకుంది.

"అట్ల లాక్కూడదు సార్, చూడండి," అని ఇన్‌స్పెక్టరు కూడా కుర్చీలోంచి దిగాడు. రెండు బట్టతలలు ఒక బూటు మీద వంగాయి. కిటికీ అవతల ఎప్పుడు చేరారో గానీ పసుపు గుడ్డల వాళ్లు తొంగి చూస్తున్నారు. ఆ రోజు ఆ ముడి విప్పడానికి జిల్లా కలెక్టరును కూడా పిలిపించారని తర్వాత తిరువాలంగాడులో చెప్పుకున్నారు. అంతదాకా పోలేదు. ఆఫీసు గుమాస్తా పెన్సిలు చెక్కే బ్లేడు తెచ్చాడు, అంతే.

"ఎంతసేపయింది సార్?" అన్నాడు దేవరాజులు.

ఇన్‌స్పెక్టరు గడియారం చూశాడు. చూసి, లేచి నిలబడి మోకాళ్లు దులుపుకున్నాడు. దేవరాజులు సంచిలోంచి పళని బూటు తీసి బల్ల మీద పెట్టాడు. అదే ముడి. కాలిన తోలు వాసన కాఫీ వాసనను తినేసింది.

"ఈ ముడి కార్మికులకు ఎవరు నేర్పారు?"

"మొదటి వాక్యం చదవండి సార్."

ఇన్‌స్పెక్టరు చేతిరాత కాగితం అందుకున్నాడు. ప్రమాదానికి కారణం ముడి, ముడి నేర్పినవాడు ఈ కింద సంతకం చేసిన దేవరాజులు. ఆ తర్వాత అచ్చులోని తడి గురించి రాసి ఉంది. పోతపనికి తాళ్ల బూట్లు పనికిరావని, తాళ్లు లేనివి వచ్చేదాకా ఉన్న తాళ్లను కప్పుతూ పైన మందపాటి టార్పాలిను గుడ్డ ఉండాలని రాసి ఉంది. పళని తప్పు ఏమీ లేదని రెండుసార్లు రాసి ఉంది. అది పొరపాటున కాదు.

ఇన్‌స్పెక్టరు ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. టైపు కొట్టిన కాగితం గోళీ కిందే ఉండిపోయింది.

అతను పోయాక రత్నస్వామి చాలాసేపు వేలి మీది గీత చూసుకున్నాడు.

"పళని కోసం తయారుచేసిన మెమోలో పేరు మారుతుంది దేవరాజులూ. తెలుసు కదా?"

"తెలుసు సార్."

"ఉద్యోగం ఉంటుందో పోతుందో నేను చెప్పలేను."

"పళనిది ఉంటాది కదా సార్?"

రత్నస్వామి గోళీ కింది కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, చెత్తబుట్టలో వేశాడు.

ఆదివారం ఆడి కృత్తిక. సోమవారం పొద్దున పదకొండు మందీ గుండ్లు చేయించుకుని, గంధం పూసుకుని వచ్చారు. దేవరాజులు జేబులో మెమో ఉంది. సంజాయిషీకి పదిహేను రోజులు గడువు. అయినా అలవాటు కొద్దీ పోతల గదిలోకి పోయి, అలవాటు కొద్దీ పాదాలు చూశాడు. ఇరవై రెండింటికీ బూట్లున్నాయి. కన్నాల మీద లారీ టార్పాలిను ముక్కలు, కుట్టినవాడెవడో గానీ వంకరటింకరగా కుట్టి, పైన కప్పి ఉన్నాయి.

"బల్లెక్కు సారూ," అన్నాడు వెంకటముని.

"ఎందుకు?"

"ఎక్కమంటా ఉంటే."

దేవరాజులు బల్ల మీద కూర్చున్నాడు. వెంకటముని అతని కాలు పట్టుకుని తన తొడ మీద పెట్టుకున్నాడు. తాడు కొస ఒకటి మడిచి, రెండో కొస దాని చుట్టూ తిప్పి, మడతలోంచి మడత దూర్చాడు.

"ఇది గొడ్ల ముడి. ఎద్దు గుంతలో పడె, కొట్టం అంటుకునె అనుకో, కూచుని విప్పేదానికి టైముంటాదా? ఈ కొస పట్టి లాగు."

లాగాడు. తాడు నీళ్లలా జారిపోయింది.

"ఇప్పుడు నువ్వు కట్టు."

మొదటిసారి అతని వేళ్లు వాటంతట అవే మగ్గం ముడి వేశాయి. గుండ్లన్నీ ఒక్కసారి నవ్వాయి. రెండోసారి ఊడొచ్చింది గానీ కట్టకముందే ఊడొచ్చింది.

"ఇంత చదువు చదివి ఎద్దును కట్టెయ్యలేవా?" అన్నాడు ఒకడు.

"ఎద్దు కదలకుండా ఉంటే కదరా కట్టేది," అన్నాడు వెంకటముని, కుదురుగా ఉండని దేవరాజులు కాలిని అరచేత్తో నొక్కిపట్టి. తర్వాత గొంతు తగ్గించి, ఎప్పుడూ అనని మాట అన్నాడు. "నిదానం అల్లుడూ. ముందు విప్పేది మనసులో పెట్టుకో. కట్టేది దానంతట అదే వస్తాది."

మూడోసారికి కుదిరింది. గంట కొట్టారు. గరిటె లేచింది.

సాయంకాలం రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. చాలా రోజులకు కూర్చున్నాడు. జేబులో మెమో పక్కన దారం ఉంటే తీసి, గొడ్ల ముడి వేశాడు. లాగాడు. ఊడింది. మళ్లీ వేశాడు. గాలికి దారం ఎగురుతుంటే, చెయ్యి ఎప్పుడు కిటికీ దాటి పోయిందో అతను చూసుకోలేదు. తిరువాలంగాడు స్టేషనులోకి రైలు దూరుతోంది. ప్లాట్‌ఫారం చివర సిమెంటు బెంచీ మీద చంకకర్ర పక్కన పెట్టుకుని, ఆస్పత్రిలో కొత్తగా కట్టు కట్టించుకున్న కాలు చాపుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. దేవరాజులు ముందు పాదం చూసి, ఆ తర్వాతే మొహం చూశాడు.

"సారూ! చెయ్యి లోపలికి తియ్యండి!" అని పళని గొంతు చించుకుని అరిచాడు.

దేవరాజులు గభాలున చెయ్యి లోపలికి లాక్కున్నాడు. దారం మాత్రం బయటే ఎగిరిపోయింది.